పిన్ని మారిన ఇళ్ళు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న, భిలాయి పవర్ హౌస్ దగ్గర మా కరెంటు సామాన్ల షాపు షట్టరు ఎత్తుతుండగా బాబాయి ఫోను చేశాడు.

"మీ పిన్ని వెళ్ళిపోనాదమ్మా" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. అది నా పక్కనుంచి పోయిందో, ఆయన పక్కనుంచి పోయిందో తెలియలేదు. కాసేపటికి, "ఎక్కడికీ కాదమ్మా... ఆస్పత్రిలోనే. నర్సమ్మ వచ్చి చూసేసరికి లేదు" అన్నాడు. అప్పటికి గాని నాకు తలకెక్కలేదు.

చావు కబురు చెబితే ఎక్కడికని అడిగానని విన్నవాళ్ళు నవ్వుకోవచ్చు. కాని మా పిన్ని బతికున్నన్నాళ్ళూ అదే సరైన ప్రశ్న. ఆమె వెళ్ళిపోయిందంటే మేము ఎందుకని అడిగేవాళ్ళం కాదు. ఎక్కడికనే అడిగేవాళ్ళం.

ఆ రోజు నుంచి నాకు ఒకచోట కుదురు లేదు. షాపులో కూర్చుంటే ఇంటికి పోవాలనిపిస్తుంది. ఇంటికి పోతే గోడలు మీదికొస్తున్నట్టుంటుంది. పప్పు పొయ్యి మీద పెట్టి బాల్కనీలోకి వచ్చి నిలబడతాను, మాడు వాసన వస్తే లోపలికి పరిగెడతాను. "కాసేపు కూర్చోవే" అంటాడు మా ఆయన. ఇది కూడా ఒకచోట కూర్చుని రాయలేకపోతున్నాను. మొదటి పేజీ షాపు కౌంటరు మీద రాశాను, ఇప్పుడు వంటింటి గట్టు దగ్గర నిలబడి రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్ళి చేసుకుని భిలాయి వచ్చింది. బాబాయి అక్కడి స్టీలు ప్లాంటులో ఫిట్టరు. వాళ్ళకి పిల్లల్లేరు. ఇది చదివే భిలాయి తెలుగువాళ్ళకి ఆమె పేరు చెప్పక్కర్లేదు. మీరు ప్లాంటు క్వార్టర్ల సెక్టార్లలో పెరిగినవాళ్ళయితే ఏదో ఒక ఏడు మీ వీధిలో ఆమె ఉండే ఉంటుంది. చింతపండు అప్పడగడానికి మీ ఇంటికి వచ్చే ఉంటుంది. ఆమె ఇంట్లో చింతపండు జాడీ ఎప్పుడూ నిండుగానే ఉండేదని ఇప్పుడు చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకండి. "అడక్కపోతే మనుషులు ఎలగ తెలుస్తారే?" అనేది.

ప్లాంటు క్వార్టర్లలో అప్పట్లో ఒక వీలుండేది. మీ ఇల్లు నాకు నచ్చి, నా ఇల్లు మీకు నచ్చితే ఇద్దరూ దరఖాస్తు పెట్టుకుని మార్చుకోవచ్చు. మామూలు వాళ్ళు సర్వీసు మొత్తంలో ఒకసారో రెండుసార్లో మారేవారు, డ్యూటీకి దగ్గరనో, పిల్లల స్కూలుకి దగ్గరనో. పిన్ని ఒక ఇంట్లో రెండేళ్ళు ఉంటే చాలా ఎక్కువ. బాబాయికి మాత్రం ఎప్పటికప్పుడు ఒక కారణం చూపించేది. ఇక్కడ పడమటెండ కొడుతోంది అనేది. పైవాళ్ళు పొద్దస్తమానం దంచుతున్నారు అనేది. నిజం ఏమిటో నాకొక్కదానికే చెప్పింది, అదీ జడ వేస్తూ, నేను కదలడానికి వీల్లేనప్పుడు.

"తెలిసిపోనాదే గుంటా, ఈ వీధి. ఎవులింట్లో ఏ పోపు ఏస్తారో కళ్ళు మూసుకుని చెప్పీగలను. ఇంకేటుంది ఇక్కడ?"

నాకు పదేళ్ళున్నప్పుడు వాళ్ళు రుఆబాంధా సెక్టారుకి మారారు. "సామాను సర్దాలి, గుంటని పంపీ అక్కా" అని అమ్మనడిగి నన్ను తీసుకెళ్ళింది. మినీ లారీలోంచి సామాను దింపుతుంటే బీరువా గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుపోయింది. బాబాయి, ఆయన స్నేహితులు ఇద్దరు దాన్ని అటూ ఇటూ తిప్పలేక చెమటలు కక్కుతున్నారు. పిన్ని నా చెయ్యి పట్టుకుని బీరువా పక్కనున్న సందులోంచి ఒంగి బయటపడింది.

"ఏమే, స్టవ్వు ఏ పెట్టెలో పెట్టావో చెప్పీసి వెళ్ళు!" అని లోపల్నుంచి బాబాయి అరిచాడు.

"సర్దడం రేపైనా సర్దుకోవచ్చు. వీధి రేపటికి పాతదైపోద్ది" అంది పిన్ని, వెనక్కి తిరక్కుండా.

క్వార్టర్ల చివరి వరస దాటితే అప్పట్లో పొలాలు. పొలం గట్టు అవతల ఒక మట్టింటి ముందు పొగ లేస్తోంది. దగ్గరికి వెళ్తే ఒకావిడ పెద్ద ఇనప మూకుట్లో ఇసక వేడి చేసి, అందులో గుప్పెడు బియ్యం వేసి, చీపురు పుల్లల కట్టతో గిరగిరా తిప్పుతోంది. తిప్పిన నాలుగు క్షణాలకి మూకుడు నిండా తెల్లగా పొంగిపోయాయి, మల్లెమొగ్గలు పోసినట్టు. నేను నోరు తెరుచుకుని చూశాను. మరమరాలు ఎక్కడో మిషన్లలో చేస్తారని అంతవరకూ నా ఉద్దేశం. పిన్ని చెప్పులు పక్కన పెట్టి ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుంది. పిన్నికి హిందీ సరిగా రాదు, ఆవిడ మాట్లాడేది ఛత్తీస్‌గఢీ. అయినా ఇసక ఏ ఏటి నుంచి తెస్తారో, బియ్యానికి ఉప్పునీళ్ళు ఎప్పుడు పట్టిస్తారో అన్నీ కనుక్కుంది. సగం చేతులతో, సగం నవ్వుతో. చీకటి పడుతుండగా కొంగులో వేడి వేడి మరమరాలు మూటగట్టుకుని వచ్చాం. బీరువా లోపలికి వెళ్ళింది గాని స్టవ్వు దొరకలేదు. అందరం న్యూస్‌పేపరు పరుచుకుని, ఉల్లిపాయ తరిగి కలుపుకుని అవే తిన్నాం. బాబాయి ఆ పూటంతా మాట్లాడలేదు. మాట్లాడకుండానే రెండోసారి వడ్డించుకున్నాడు.

ఇలా ఏ సెక్టారు తలుచుకున్నా నాకు ఆమె చూపించిందే ఒకటి గుర్తొస్తుంది. ఒకచోట స్కూలు వెనక గోడ మీద చెవి పెడితే లోపల తేనెటీగలు రొద చేసేవి. ఒకచోట ఆదివారం సంతలో బోహార్ భాజీ అమ్మేవారు. ఎండాకాలం మొదట్లో కొన్నాళ్ళే వచ్చే మొగ్గల కూర అది. ఇక్కడి వాళ్ళు దాన్ని పెరుగుతో వండుతారు. పిన్ని మొదటిరోజు వాళ్ళలాగే వండింది, రెండోరోజు చింతపండు పోసి పులుసు పెట్టింది. ఆ పులుసు గిన్నెతో అమ్మినావిడ దగ్గరికే వెళ్ళి రుచి చూపించి వచ్చింది. "అమ్మినోళ్ళకి మనమేటి చేసుకున్నామో ఎవులు చెప్తారు?" అంది. చీలా తిన్న రోజయితే ఇల్లంతా తిరిగి నవ్వింది. "ఇంత దూరం వచ్చి చూస్తే మన అట్టే గదే ఇది!"

అలాగని ఆమెతో కాపురం సుఖమని చెప్పను. ఒక ఇంటి కర్టెన్లు ఇంకో ఇంటి కిటికీలకి సరిపోయేవి కావు. బీరువా ఒక కాలు విరిగి, ఇటుక మీద నిలబడి ఉండేది. బాబాయి నైట్ షిఫ్టు దిగి, మత్తులో పాత క్వార్టరుకి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, వేరేవాళ్ళ గుమ్మంలో చెప్పులు విప్పిన రోజులున్నాయి. "కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టింది ఇది" అనేది మా అమ్మ. పిల్లల్లేకే అలా తిరుగుతోందని అనేవాళ్ళు కూడా ఉండేవారు, ఆమె వినేలాగే. పిన్ని ఆ మాటకి ఒక్కసారే జవాబు చెప్పగా విన్నాను. "ఉంటే ఆళ్ళని కూడా తిప్పీదాన్ని, ఏటి చేస్తారు మరి" అంది, పప్పు ఏరుకుంటూ.

ఒక ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఎదురింటి ఒడియా ఆవిడ గేటు పట్టుకుని నిలబడిపోయింది. పిన్నికి టైఫాయిడ్ వచ్చినప్పుడు నెల్లాళ్ళు గంజి కాచి పోసిన మనిషి. అలా చూస్తూ ఉంది. పిన్ని చెయ్యి ఊపి లారీలో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. నేను ఆమె ఒళ్ళో ఉన్నాను.

"మళ్ళీ వచ్చి చూడవా పిన్నీ ఆంటీని?" అన్నాను.

"వెనక్కి చూస్తే ఏడుపొస్తది. ముందుకి చూస్తే రాదు" అంది. నేను తలెత్తి చూశాను. ముందుకే చూస్తోంది, కళ్ళనిండా నీళ్ళున్నాయి.

బాబాయి రిటైరైనప్పుడు క్వార్టరు వదిలెయ్యాల్సి వచ్చింది. ఆయన పిన్నికి చెప్పకుండా ముందే స్మృతి నగర్‌లో స్థలం కొని పెట్టాడు. దగ్గరుండి ఇల్లు కట్టించుకున్నాడు. కిటికీ ఊచలు తనే ఎంచుకున్నాడు, వంటింటి గట్టు పిన్ని ఎత్తుకి కొలిచి వేయించాడు. గృహప్రవేశం రోజు అందరి ముందూ, "ఇంక నన్ను ఈ ఇంట్లోంచి నలుగురు మోసుకెళ్ళాల్సిందే" అని నవ్వాడు. పిన్ని కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు బాగుండలేదు.

మొదటి ఏడాది ఆ కాలనీ అంతా తిరిగేసింది. రెండో ఏడాది ఇల్లు తిప్పడం మొదలుపెట్టింది. మంచాలు హాల్లోకి, సోఫా పడగ్గదిలోకి. నేను వెళ్ళినప్పుడల్లా ఫ్రిజ్ వేరే చోట ఉండేది. ఆ తర్వాత అదీ మానేసింది. సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. "ఇప్పుడు ఆ తెల్ల కారాయన వస్తాడు చూడు" అనేది. వచ్చేవాడు. "ఇప్పుడు ఆ కుక్క లేచి నీడలోకి పోద్ది" అనేది. పోయేది. చెబుతున్నంతసేపూ చేతివేళ్ళు కుర్చీ చేతి మీద టకటకా కొట్టుకుంటూనే ఉండేవి. అన్నం తగ్గిపోయింది, మనిషి చిక్కిపోయింది. డాక్టర్లు పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి బాబాయి చెమటలు తుడుచుకుంటూ మా షాపుకొచ్చాడు.

"మీ పిన్ని లేదమ్మా. ట్రంకు పెట్టి లేదు, చిన్న స్టవ్వు లేదు. పక్కింటామెతో 'ఇల్లు మారతన్నాను' అని చెప్పీసి ఆటో ఎక్కిందట. ఫోనెత్తదు."

నేను చేస్తే ఎత్తింది.

"పిన్నీ, ఎక్కడున్నావు?"

"జాముల్‌లో. గది తీసుకున్నాను, నెల్రోజులకి."

"జాముల్‌లోనా? ఎందుకు?"

"ఎందుకేటి, ఎందుకు? చూడ్డానికి."

కబురు అందరికీ పాకింది. అరవై దాటిన ఆడమనిషి మొగుణ్ణి, సొంత ఇంటిని వదిలేసి సిమెంటు ఫ్యాక్టరీ పక్క లేబరు గదిలో ఉందంటే ఎవరు ఊరుకుంటారు? ఆయనేదో కొట్టుంటాడన్నారు. ఈవిడకి మతి చలించిందన్నారు. మా ఆయన కూడా, "ఒకసారి మంచి డాక్టరుకి చూపించండి" అన్నాడు గొంతు తగ్గించి. బాబాయి మాత్రం ఒకే మాట పట్టుకున్నాడు. "నాను కట్టిన ఇంట్లో ఏటి లోటు? అది చెప్పమను." తీసుకురావడానికి మాత్రం రానన్నాడు.

నేను స్కూటీ వేసుకుని వెళ్ళాను. వరసగా ఆరేడు గదులు, అన్నిటికీ కలిపి ఒక కుళాయి. కాంట్రాక్టు పనివాళ్ళ కుటుంబాలు ఉంటాయి. తులసాకుల మీద కూడా సన్నటి తెల్లదుమ్ము. పిన్ని కుళాయి దగ్గర నలుగురు ఆడవాళ్ళతో కూర్చుని తోటకూర బాగుచేస్తోంది. నున్నగా దువ్వుకుని ముడి వేసుకుంది. నన్ను చూడగానే కత్తిపీట పక్కకి తోసి లేచింది.

"వచ్చీసేవా? చెప్పులు విప్పకు. చలో, నీకొకటి చూపించాలి."

"పిన్నీ, నేను మాట్లాడ్డానికి వచ్చాను."

"నడుస్తా మాట్లాడొచ్చు."

నాకు ఒళ్ళు మండుతోంది. షాపు వదిలి వచ్చాను, బాబాయి రెండుసార్లు మిస్డ్ కాల్ ఇచ్చాడు, ఈవిడ మోకాళ్ళ నొప్పితో కుంటుకుంటూ లారీల మధ్య నుంచి ముందు నడుస్తోంది. ఒక రేకుల షెడ్డు ముందు ఆగింది. లోపల లారీలకి రంగులు వేస్తున్నారు. కొత్త లారీ ఒకటి, దాని వెనక తలుపు మీద ఒకతను కమలం వేస్తున్నాడు. ఒక రేకు గులాబీ రంగుతో మొదలుపెట్టి, కుంచె ఎత్తకుండానే చివరికి తెలుపు చేసేస్తున్నాడు. పిన్నిని చూసి, "ఆయియే అమ్మా" అని డబ్బా ఒకటి బోర్లించి వేశాడు. రోజూ వస్తుందన్నమాట.

"లారీ ఎనకాల పువ్వులు ఎన్ని చూసుంటాం? ఎయ్యడం చూసేవా ఎప్పుడైనా?" అంది.

చూడలేదు. కాని నేను ఆ మాట ఒప్పుకునే స్థితిలో లేను.

"బాబాయి సరిగ్గా తినడం లేదు. నీకు ఆయన మీద కోపమా?"

"కోపమేటి? మంచోడు, మంచి ఇల్లు కట్టేడు." కాసేపు కుంచె వైపే చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "భయమేస్తందే నాకు" అంది. "ఆ ఇంట్లో పొద్దున లెగిసేసరికి సాయంత్రం కనబడిపోతంది. రేపు కనబడతంది, వచ్చే ఏడు కనబడతంది. అలగ చూస్తా చూస్తా కూకుంటే ఆఖరి రోజు కూడా కనబడిపోద్దని భయం. ఇక్కడైతే రేపు ఆ రెండో తలుపు మీద ఈయన ఏటి ఏస్తాడో నాకు తెలీదు. నిద్ర పడతంది."

ఆ భయం ఆమెకి ఉందని మాలో ఎవరికీ తెలియదు. ఊరికే కాలు నిలవదనుకున్నాం.

"ఆయన్ని ఒకసారి రమ్మను. తీసుకుపోడానికి కాదు, చూడ్డానికి" అంది నేను బయల్దేరుతుంటే.

బాబాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. భయం మాట దగ్గర తలెత్తాడు. నాలుగైదు రోజులు గడిచాయి. ఒకరోజు సాయంత్రం స్మృతి నగర్ వెళ్తే ఇంటికి తాళం ఉంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఏదైనా అఘాయిత్యం చేసుకున్నాడేమోనని ఏవేవో ఊహించుకుంటూ జాముల్ వరకూ బండి ఎలా నడిపానో తెలియదు.

కుళాయి దగ్గర లేరు. గదికి గొళ్ళెం పెట్టి ఉంది. షెడ్డు దగ్గరికి పరిగెత్తాను. పిన్ని డబ్బా మీద కూర్చుని ఉంది. బాబాయి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ముందుకి చాచి, లారీ తలుపు మీద సగం పూర్తయిన నెమలిని చూస్తున్నాడు. పొద్దున పిన్నిని తీసుకెళ్ళడానికే వచ్చాడట. వస్తూనే నలుగురి ముందూ అరిచాడట కూడా. పిన్ని అరవనిచ్చి, అయ్యాక ఇక్కడికి నడిపించుకొచ్చిందట. మధ్యాహ్నం నుంచి అలాగే ఉన్నాడు.

"బాబాయ్, ఫోను ఎత్తొచ్చు కదా! చచ్చిపోయాను భయంతో" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆయన నావైపు తిరిగి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. "ఉండమ్మా, కన్ను పెడతన్నాడు."

కన్ను పెట్టడం అయ్యాకే మాట్లాడాడు. తలనెరిసిపోయేదాకా ప్లాంటు గేటు నుంచి మిల్లుకి, మిల్లు నుంచి ఇంటికి ఒకే రోడ్డు మీద తిరిగానన్నాడు. పిన్ని ప్రతి కొత్త వీధిలోనూ రమ్మని పిలిచిందని, తనకి బీరువా మొయ్యడంతోనే సరిపోయిందని అన్నాడు. పిన్ని మాట మార్చి, "ఆకలేస్తంది, చీలా తిందాం పదండి" అంది. ఆ నెల పూర్తయ్యేదాకా ఆయన కూడా ఆ గదిలోనే ఉన్నాడు.

అక్కణ్ణుంచి వాళ్ళకి అది అలవాటైంది. ఏడాదికో నెల ఎక్కడో ఒకచోట గది తీసుకునేవాళ్ళు. ఒకసారి ఖుర్సీపార్‌లో, ఒకసారి దుర్గ్ పాతబస్తీలో నది దగ్గర. గదులు వెతికే పని బాబాయి తన మీద వేసుకున్నాడు. వెతుకుతూ ఆయనకీ పిచ్చి పట్టింది. "అక్కడ చిలకలు చాలా వస్తాయంట" అంటూ ఫోను చేసేవాడు. తిరిగొచ్చాక స్మృతి నగర్ ఇల్లు పిన్నికి ఓ వారం కొత్తగా కనిపించేది. గట్టు ఎత్తు భలే సరిపోయిందని మెచ్చుకునేది, అప్పుడే చూసినట్టు.

ఈ ఏడు మాత్రం గది తీసుకోలేకపోయారు. పిన్నికి గుండె నీరసించింది, కాళ్ళు వాచాయి. ఆస్పత్రిలో చేర్చాం. అక్కడా ఊరుకోలేదు. వార్డులో ఏ మంచం ఖాళీ అయినా అక్కడికి మార్చమని నర్సుల్ని బతిమాలేది. "సిస్టర్, ఆ మూల నుంచి ఏటి కనిపిస్తదో చూస్తాను" అని తెలుగులోనే అడిగేది. మలయాళీ నర్సు ఒకామె నవ్వుకుంటూ రెండుసార్లు మార్చింది. ఒక మంచం నుంచి వాటర్ ట్యాంకు మీద పావురాలు కనిపించాయి. ఇంకొక మంచం నుంచి క్యాంటీన్ వంటాయన పిండి కలపడం కనిపించింది. ఆ రెండూ నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయాసపడుతూ, ఆగి ఆగి.

తర్వాత మంచం మార్చడం కుదరలేదు. ఆక్సిజన్ పెట్టారు. అప్పుడు నా మీద పడింది.

"మీ షాపు ఎనక సందులో ఏటుందే?"

"ఏముంటుంది పిన్నీ, గోడౌన్లు."

"చూసేవా?"

చూడలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ షాపులో కూర్చుంటున్నాను, వెనక తలుపు తెరిచి చెత్త పారేస్తాను, అంతకు మించి నడవలేదు. మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. గోడౌన్లు ఉన్నాయి. వాటి మధ్య ఒక చిన్న గదిలో హార్మోనియంలు బాగుచేసే మనిషి ఉన్నాడు. గుమ్మంలోంచే చూసి వచ్చి ఆ సాయంత్రం పిన్నికి చెప్పాను. ఆమె మొహం విచ్చుకుంది.

"మీ ఎనకాలే? ఇన్నాళ్ళూ? మరి పాడతాడా?"

"తెలీదు పిన్నీ."

"చూసి రా. బేగి వెళ్ళు, నాకు చెప్పు."

ఆ తర్వాతి రెండురోజులు షాపులో స్టాకు దిగింది, వెళ్ళడం పడలేదు. మూడోరోజే ఆ మంగళవారం, బాబాయి ఫోను.

కర్మలు అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. బాబాయి స్మృతి నగర్ ఇంట్లోనే ఉన్నాడు. మా ఇంటికి రమ్మంటే రాడు. రోజూ పొద్దున్నే చెప్పులేసుకుని బయటికి వెళ్తున్నాడు, గంటలో తిరిగొచ్చేస్తున్నాడు. నిన్న నేను వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"ఏం చూశావు బాబాయ్ ఇవాళ?" అని అడిగాను, పిన్ని అడిగినట్టు.

"ఏటీ కనబళ్ళేదమ్మా" అన్నాడు. "ఆవిడుంటే కనబడేది." "రేపు అటువైపెళ్తాను" అని చేత్తో రైలు పట్టాల వైపు చూపించాడు.

పిన్ని నాకేమైనా ఇచ్చిందా అని ఆలోచిస్తే చేతికి తగిలేది ఏమీ లేదు. ఇచ్చింది ఈ కుదురులేనితనమే అయితే, దాన్ని ఏం చేసుకోవాలో ఇంకా తెలియడం లేదు. ఇవాళ మధ్యాహ్నం షాపులో ఎవరూ లేరు. వైర్ల కట్టలు ఒకసారి సర్దాను, మళ్ళీ సర్దాను. ఫ్యాను వేశాను, ఆపాను. ఇక ఆగలేక వెనక తలుపు తీసి సందులోకి నడిచాను.

హార్మోనియంల మనిషి గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని ఉన్నాడు. హార్మోనియం పైపలక ఊడదీసి గోడకి ఆనించాడు. లోపల స్వరాలు పలికే ఇత్తడి పత్తీలు గుడ్డ మీద వరసగా పరిచి ఉన్నాయి, చిన్నవి, సన్నవి, చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి. నన్ను చూసి, "క్యా కామ్ హై, దీదీ?" అన్నాడు.

"పనేమీ లేదు భయ్యా, ఊరికే చూస్తాను" అన్నాను హిందీలో.

అతను ఆశ్చర్యపోలేదు. చాప కొంచెం నావైపు జరిపాడు. ఒక పత్తీ తీసి సన్నటి ఆకురాయితో రెండుసార్లు గీకాడు, దాని చోట పెట్టి బిగించాడు, ఎడంచేత్తో గాలి కొట్టి ఆ ఒక్క మెట్టు నొక్కాడు. స్వరం పలికింది. అతను పెదవులు తెరవకుండా, గొంతులోనే అదే స్వరం పట్టుకోవడానికి ప్రయత్నించాడు. పిన్ని అడిగిన పాట కాదు, ఒక్క స్వరం. పెట్టెలోంచి వచ్చేది, అతని గొంతులోంచి వచ్చేది పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి కాలేదు. మధ్యలో గాలి వణుకుతున్నట్టుంది.

తల అడ్డంగా ఊపి మళ్ళీ పత్తీ ఊడదీశాడు. మళ్ళీ గీకాడు. నేను చాప మీద కూర్చున్నాను.